లేక్ డిస్ట్రిక్ట్‌లో క్యాంపింగ్: అమ్మానాన్నలతో మొదటిసారి, సలహా కావాలి

నరసరావుపేట_అబ్బాయి | ఏప్రిల్ 11, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ పక్కన సోలిహల్‌లో ఉంటాం. అమ్మానాన్న మే మొదటి వారంలో వస్తున్నారు, ఆర్నెల్ల విజిటర్ వీసా. నాన్న మా ఊళ్లో ఇంటర్ పిల్లలకి 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఏటా ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ పాఠం చెప్పేవారు, ఆయన రాసిన లేక్ డిస్ట్రిక్ట్ గురించి. ఆ సరస్సులూ, ఆ కొండలూ ఎలా ఉంటాయో పిల్లలకి చేతులతో గాల్లో గీసి చూపించేవారు, తనెప్పుడూ చూడకుండానే. ఈసారి ఎలాగైనా చూపించాలి.

మా ప్లాన్: మే 22 శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరి, బ్యాంక్ హాలిడే సోమవారం తిరుగు ప్రయాణం. మొత్తం ఐదు కుటుంబాలు, 21 మంది. గ్రేట్ లాంగ్‌డేల్ లోయలో టెంట్లు. శనివారం స్కాఫెల్ పైక్ కొండ ఎక్కడం, సాయంత్రం బార్బెక్యూ. ఆదివారం విండర్‌మియర్ సరస్సులో పడవ, కుదిరితే వర్డ్స్‌వర్త్ ఉన్న ఊరు గ్రాస్‌మియర్. నాన్నకి 68, మోకాళ్ల నొప్పి. అమ్మకి 63, చలి పడదు. పిల్లలు 12, 9 ఏళ్లవాళ్లు. టెంట్ ఇంకా కొనలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

---

కెండల్_కాపురం | ఏప్రిల్ 11, రాత్రి 11:07

తమ్ముడూ, మేం లేక్ డిస్ట్రిక్ట్ పక్కనే కెండల్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాం. చనువు తీసుకుని చెబుతున్నా, ఏమనుకోవద్దు. నీ ప్లాన్‌లో మూడు ప్రయాణాలున్నాయి. మీ నాన్నగారి ప్రయాణం మాత్రం చివర్న "కుదిరితే" అన్న మాట దగ్గర ఉంది. దాన్ని ముందుకి తీసుకురా. మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

బ్యాంక్ హాలిడే శుక్రవారం సాయంత్రం బర్మింగ్‌హామ్ నుంచి ఎం6 హైవే మీద పైకి రావడమంటే సంక్రాంతి ముందు రోజు హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టడమే. మామూలు రోజున మూడున్నర గంటలు పట్టేది ఆ రోజు ఎంతకి తేలుతుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఆ తర్వాతి వారమంతా స్కూళ్లకి హాఫ్ టర్మ్ సెలవులు. ఈపాటికి మంచి క్యాంపింగ్ సైట్లన్నీ నిండే ఉంటాయి. జూన్ రెండో వారాంతం చూడు. పొద్దు చాలా పెద్దది, రాత్రి పది గంటలకి కూడా ఆకాశంలో వెలుతురుంటుంది. జూలై చివర్లో స్కూళ్లు మూసేస్తారు, ఆ తర్వాత మళ్లీ ఇదే రద్దీ.

స్కాఫెల్ పైక్ 978 మీటర్లు, ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తు. లాంగ్‌డేల్ నుంచి ఎక్కి దిగడం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది, పైన అంతా రాళ్లగుట్ట. మీరు అటు పోతే అమ్మానాన్న రోజంతా టెంట్ ముందు కూర్చుని మీ కోసం ఎదురుచూడాలి. అందుకోసమా వాళ్లు అంత దూరం నుంచి వచ్చేది?

---

హనుమకొండ_పోరడు | ఏప్రిల్ 12, ఉదయం 8:20

అన్నా, అక్క చెప్పింది నిజం. నేను గుంపు సంగతి చెప్తా. మూడేండ్ల కింద మేం ఆరు ఫ్యామిలీలు కలిసి పోయినం, ఎవరి బుకింగ్ వాళ్లు చేసుకున్నం. సైట్ల రూల్స్ ఉన్నయని మాకు తెల్వదు. కొన్ని సైట్లల్ల గుంపులను తీసుకోరు, తీసుకున్నా ముందే చెప్పాలె. అక్కడ పోయినంక టెంట్లన్నీ ఒక్క దగ్గర వేసుకున్నం. పది గంటలైనా మా పిల్లలు ఉరుకుతనే ఉన్నరు, మేం అంత్యాక్షరి ఆడుతున్నం. టెంట్ గోడ అంటే గుడ్డనే కదా అన్నా, పక్క టెంట్ల పసిపిల్ల పండుకున్నదని మాకు సోయి లేదు. వార్డెన్ రెండుసార్లు వచ్చి చెప్పిండు. మూడోసారి వచ్చి, పొద్దున్నే ఖాళీ చేయమన్నడు.

తప్పు మాదే. ఆ పసిపిల్ల తల్లి పొద్దుగాల మొఖం చూసినప్పుడు నాకు మస్తు బాధైంది. పోయి సారీ చెప్పిన. రాత్రి పది, పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా నిశ్శబ్దం అంటే ఆడ నిజంగనే నిశ్శబ్దం. కారు డోరు గూడ మెల్లగ వేయాలె. రెండు ఫ్యామిలీలు చాలన్నా.

---

నరసరావుపేట_అబ్బాయి | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:15

అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. "కుదిరితే" అన్న మాట దగ్గర తనూ ఆగిపోయింది. మిగతా ముగ్గురితో ఈరోజే మాట్లాడాను, వాళ్లు ఆగస్టులో విడిగా వెళ్తామన్నారు. ఇప్పుడు మేమూ, కొవెంట్రీలో ఉండే మా చెల్లెలి కుటుంబమూ, అమ్మానాన్న. జూన్ 12 నుంచి 14.

ఇక పడక సంగతి. అమ్మకి చలి పడదు. టెంట్‌లో పడుకోబెట్టొచ్చా?

---

డెర్బీ_బాబాయ్ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:40

బాబూ, పెద్దవాళ్లని నేల మీద ఎందుకు పడుకోబెట్టడం? ఆంబుల్‌సైడ్‌లో మంచి బీ అండ్ బీలు ఉంటాయి. వేడి నీళ్లు, మెత్తటి పరుపు, పొద్దున్నే టిఫిను. మీరు టెంట్‌లో ఉండండి, వాళ్లని అక్కడ ఉంచండి. నాకూ 66. ఈ వయసులో రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తుంది. తడి గడ్డి మీద, చీకట్లో, చెప్పులు వెతుక్కుంటూ రెండొందల అడుగులు నడవడం ఎలా ఉంటుందో మీ వయసువాళ్లకి తెలియదు.

---

నరసరావుపేట_అబ్బాయి | ఏప్రిల్ 12, సాయంత్రం 6:03

బాబాయ్ గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ ముందు హోటలే అనుకున్నాను. ఫోన్‌లో నాన్నతో అంటే, "రాత్రిపూట ఆ కొండల మధ్య పడుకోనిస్తారా అయ్యా?" అని అడిగారు. ఆయన నన్ను ఏదైనా అడిగి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. అందుకే ఈ తాపత్రయం.

---

వార్డు_సిస్టర్ | ఏప్రిల్ 12, రాత్రి 8:31

రెండిటికీ మధ్యన పాడ్ ఉందండీ. చెక్కతో కట్టిన చిన్న గది, తలుపుకి తాళం, కింద చెక్క నేల. లాంగ్‌డేల్‌లో నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ల సైట్‌లో ఉన్నాయి. పరుపులూ దుప్పట్లూ ఇస్తారో లేదో బుక్ చేసేటప్పుడు అడగండి, చాలాచోట్ల ఉత్త గదే ఇస్తారు. మడత మంచాలు రెండు తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అసలు కష్టం పడుకోవడం దగ్గర కాదు, నేల మీంచి లేవడం దగ్గర. టాయిలెట్ బ్లాక్‌కి దగ్గర పాడ్ అడగండి. ఇద్దరికీ తలకి కట్టుకునే లైట్లు కొనండి. టార్చ్ అయితే ఒక చెయ్యి దానికే పోతుంది, ఆయనకి చేతికర్ర కూడా ఉండొచ్చు.

నేను నర్సుని కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వాన పడుతోందనో చలేస్తోందనో బొగ్గుల కుంపటి, బార్బెక్యూ, గ్యాస్ స్టవ్ ఏదీ టెంట్ లోపలికి గానీ పాడ్ లోపలికి గానీ తేవద్దు. వరండాలోకి కూడా వద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గు కూడా గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, మగతగా ఉంటుంది, ఎవరైనా ప్రయాణం బడలిక అనుకుంటారు. పడుకున్నవాళ్లు లేవరు. మన ఊళ్లో చలికి మంచం కింద కుంపటి పెట్టుకునే అలవాటు పెద్దవాళ్లకి ఉంటుంది. అమ్మగారికి మీరే కూర్చోబెట్టి చెప్పండి. అలారం కొనుక్కోండి, కానీ అలారం ఉంది కదా అని స్టవ్ లోపల పెట్టొద్దు.

పిల్లలు గడ్డిలో, ఫెర్న్ పొదల్లో ఆడతారు కాబట్టి రోజూ సాయంత్రం ఒళ్లు చూడండి. మోకాలి వెనక, చంకల్లో, నడుము దగ్గర, జుట్టు మొదట్లో. గొర్రెలూ జింకలూ తిరిగే చోట పిడుదులుంటాయి, నువ్వుగింజంత కూడా ఉండవు కొన్ని. వాటిని పీకే చిన్న ప్లాస్టిక్ కొక్కెం మందుల షాపులో దొరుకుతుంది. చర్మానికి ఆనించి తిప్పుతూ తీయాలి, నలపకూడదు, నూనె రాయకూడదు. తర్వాత వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతుంటే జీపీకి (మీ ఏరియా డాక్టరుకి) చూపించండి, లైమ్ జబ్బు కావచ్చు.

పెద్దవాళ్లకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నారా? విజిటర్లకి ఎమర్జెన్సీలో చూడటం వరకు ఉచితమే. అడ్మిట్ చేస్తే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) రేటుకి 150 శాతం కట్టించుకుంటారు. చిన్న దెబ్బలకి కెండల్ ఆస్పత్రి సరిపోతుంది, పెద్దదైతే లాంకాస్టర్ పోవాలి. బీపీ మాత్రలు రెండు రోజులకి ఎక్కువే పెట్టుకోండి.

---

లీడ్స్_అక్క | ఏప్రిల్ 13, ఉదయం 10:12

పడక గురించి నేను చెబుతా, ఏడేళ్లుగా పోతున్నాం మేము. చలి పైనుంచి రాదు, కిందనుంచి వస్తుంది. గాలి నింపిన పరుపు ఎంత మెత్తగా ఉన్నా లోపలి గాలి నేల చల్లదనాన్ని పట్టేసి వీపుకి తగిలిస్తుంది. మొదటేడు నేను మూడు దుప్పట్లు కప్పుకుని కూడా వణికిపోయాను. రెండో ఏడు మా అత్తగారు పాత చీరలతో కుట్టిన బొంత తీసుకెళ్లి, కప్పుకోకుండా కింద పరిచాను. అంతే, తెల్లారేదాకా మెలకువ రాలేదు. ముందు వెండిరేకు వేసిన పిక్నిక్ చాప (మెరిసేవైపు పైకి), దాని మీద పరుపు, దాని మీద బొంత, ఆపైన స్లీపింగ్ బ్యాగ్. మడత మంచమైనా కింద గాలి ఆడుతుంది కాబట్టి దాని మీదా బొంత వేయండి.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలుంటాయి. "కంఫర్ట్" అన్నదే చూడండి. "లిమిట్" అన్నది చూసి కొంటే మోసపోతారు. ఆ లోయలో జూన్‌లో కూడా రాత్రి 6, 7 డిగ్రీలకి దిగే రోజులుంటాయి. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి అమ్మగారు సిగ్గుపడక్కర్లేదు. రబ్బరు సంచీలో వేడి నీళ్లు పోసి, పడుకునే అరగంట ముందు కాళ్ల దగ్గర పెట్టండి.

టెంట్ మీద "నలుగురికి" అని రాసుంటే నలుగురు పడుకోవడానికే సరి, సంచులు పెట్టే చోటుండదు. మీ నలుగురికి ఆరుగురిది కొనండి. పడకగది నల్ల గుడ్డతో ఉన్నది చూడండి. జూన్‌లో ఐదు లోపే తెల్లారిపోతుంది, పిల్లలూ లేచి కూర్చుంటారు.

ఇక తిండి. అక్కడ వండాలని మీకెంత ఉత్సాహం ఉన్నా మొదటి రాత్రి వండొద్దు. టెంట్ వేసేసరికి ప్రాణం పోతుంది. ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం, చపాతీలు, బంగాళాదుంప వేపుడు. పొద్దున్నకి ఉప్మా రవ్వ ఇంట్లోనే నేతిలో వేయించి, పోపు గింజలు, ఎండుమిర్చి, జీడిపప్పు అందులోనే కలిపేసి డబ్బాలో పోయండి. అక్కడ నీళ్లు మరిగించి పోయడమే. పులిహోర గుజ్జు ఒక సీసా ఉంటే శనివారం రాత్రి అన్నం వార్చుకుంటే చాలు. కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్న డబ్బాలో నెయ్యి. రాత్రి తిండి ఏదీ బయట వదలొద్దు. టెంట్‌లో కూడా కాదు, కార్లో పెట్టండి.

---

కొత్త_కొత్తగా | ఏప్రిల్ 13, సాయంత్రం 5:44

నేను షెఫీల్డ్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ఈ త్రెడ్ చదువుతుంటే మాకూ వెళ్లాలనిపిస్తోంది. బుకింగ్ డబ్బులు కూడా ఎక్కువే కదా. కొండ మీద ఖాళీ చోట టెంట్ వేసుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా?

---

కొండదారి | ఏప్రిల్ 13, రాత్రి 7:30

స్కాట్లాండ్‌లో అయితే 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో ప్రతి కొండకీ ఒక యజమాని ఉంటాడు, అతని అనుమతి కావాలి. నేషనల్ పార్క్ అన్నంత మాత్రాన సర్కారు భూమి కాదు. ఒక్క నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ వేరు. అక్కడి కామన్ల (ఉమ్మడి మేత భూముల) మీద 1985 నాటి చట్టం ప్రకారం జనం టెంట్ వేసుకునేవారు. 2023 జనవరిలో హైకోర్టు ఆ హక్కు లేదంది, అదే ఏడాది జూలైలో అప్పీలు కోర్టు ఉందంది, 2025 మేలో సుప్రీం కోర్టు ఉందనే తేల్చింది. వీపున సంచీతో నడిచి వెళ్లి ఒకటి రెండు రాత్రులు ఉండేవాళ్లకే అది. కారు పక్కన పెద్ద టెంట్ వేసేవాళ్లకి కాదు.

లేక్ డిస్ట్రిక్ట్‌లో పొలాల చివరి గోడ దాటి బాగా ఎత్తుకి పోయి, చీకటి పడే వేళకి చిన్న టెంట్ వేసి, తెల్లారగానే ఏ గుర్తూ మిగల్చకుండా తీసేస్తే చూసీ చూడనట్టు వదిలేస్తారు. అది హక్కు కాదు, మర్యాద. మంట మాత్రం ఎప్పుడూ వేయకూడదు. పీట్ నేలలో (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన నేల) నిప్పు లోపలికి దిగి రోజుల తరబడి రగులుతుంది. 2018లో మాంచెస్టర్ పక్కన సాడిల్‌వర్త్ మూర్ ఎలా కాలిందో అప్పుడు అక్కడ ఉన్నవాళ్లని అడుగు. నాకు ఆ పొగ వాసన ఇంకా గుర్తుంది.

మీకు షెఫీల్డ్ నుంచి ఈడేల్ అనే ఊరికి రైల్లో అరగంటకి కాస్త ఎక్కువ. స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో సైట్లున్నాయి. పెనైన్ వే అనే పొడవైన కాలిబాట అక్కడే మొదలవుతుంది. ఎదురుగా కనిపించే కిండర్ స్కౌట్ కొండ మీదికి 1932 ఏప్రిల్ 24న వందలమంది కూలీలూ కుర్రాళ్లూ యజమానుల కాపలాని తోసుకుని నడిచారు, కొందరు జైలుకీ పోయారు. ఇవాళ మనం స్వేచ్ఛగా నడిచే దారుల వెనక వాళ్లున్నారు. ముందు అక్కడికి పో తమ్ముడూ.

---

నరసరావుపేట_అబ్బాయి | ఏప్రిల్ 19, రాత్రి 10:18

పాడ్ దొరికింది! పక్కనే రెండు టెంట్లకి చోటు కూడా. జూన్ 12, 13 రెండు రాత్రులు. స్టవ్ గురించి ఒక సందేహం. మా దగ్గర పక్కన డబ్బా పెట్టే ఒంటి పొయ్యి ఉంది, పది మందికి అన్నం దానిమీద అవుతుందా? ఇంకోచోట కరెంటు ఉన్న సైట్‌కి వెళ్తే రైస్ కుక్కర్ వాడొచ్చా?

---

హనుమకొండ_పోరడు | ఏప్రిల్ 19, రాత్రి 11:02

కరెంటు సైట్ అయితే ఎన్ని ఆంప్స్ ఇస్తరో అడుగన్నా. 10 ఆంప్స్ అంటే 2300 వాట్లు. చిన్న రైస్ కుక్కర్ నడుస్తది. ఇంట్ల వాడే కెటిల్ 3000 వాట్ల దాకా గుంజుతది, పెట్టంగనే ట్రిప్ అయితది. రెండు కలిపి పెడితే అసలే నడువదు.

ఒంటి పొయ్యి సంగతి మాత్రం జాగ్రత్త. పది మందికని పెద్ద గిన్నె పెడ్తే అది పక్కన డబ్బా ఉండే మూత మీదికి వస్తది. గిన్నె అడుగు వేడి డబ్బాకు తగిల్తే డబ్బా పేలుతది. గాలి ఆపనీకి రేకు అడ్డం పెట్టి చుట్టు మూసినా గంతే. రెండు విడతలు వండు, లేదంటే పైపు ఉన్న రెండు బర్నర్ల పొయ్యి తెచ్చుకో. నా దగ్గర ఒకటుంది, కొవెంట్రీకి వచ్చేది ఉంది మే నెలల, ఇచ్చిపోత.

---

కెండల్_కాపురం | జూన్ 7, రాత్రి 9:15

తమ్ముడూ, వారం లోపుంది కదా, కొన్ని చెబుతా.

ఎం6 మీద జంక్షన్ 36 దగ్గర దిగు. అక్కడ్నుంచి కెండల్ పక్కగా ఆంబుల్‌సైడ్, స్కెల్‌విత్ బ్రిడ్జ్, ఎల్టర్‌వాటర్, ఆపైన లోయ చివరి దాకా. పెట్రోలు, పాలు, కూరలు ఆంబుల్‌సైడ్‌లోనే. లోయలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకో, కాగితం మ్యాప్ ఒకటి కొను. నారింజ అట్ట ఉన్న ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో గోడలు కూడా కనిపిస్తాయి.

నావిగేషన్ చెప్పిన దారల్లా పట్టుకోకు. లాంగ్‌డేల్ నుంచి గ్రాస్‌మియర్ అని కొడితే రెడ్ బ్యాంక్ అనే దారి చూపిస్తుంది. దగ్గరే, కానీ నిట్టనిలువు, ఒక్క కారు పట్టే సందు. అలవాటు లేకపోతే ఆంబుల్‌సైడ్ మీదుగా తిరిగిరా. పడమటికి అసలే పోవద్దు. రైనోస్, ఆ తర్వాత హార్డ్‌నాట్ కనుమలు. హార్డ్‌నాట్‌లో మూడడుగులు ముందుకి పోతే ఒకడుగు పైకి లేచే చోటుంది. మా ఆడపడుచు కుటుంబం తెలియక వాజ్‌డేల్‌కి ఆ దారిన పోయి, మలుపులో ఎదురుగా కారొస్తే ఆగి, మళ్లీ కదల్లేక క్లచ్ కాలే వాసనకి పిల్లలు ఏడ్చారు. అటు పక్కనుంచి ఎవరో ముసలాయన దిగివచ్చి, కారు వెనక్కి తీసి ఇచ్చాడు.

టెంట్ కాలవ పక్కన వేయొద్దు, చూడ్డానికి ఎంత బాగున్నా. ఆ లోయలో వాన పడితే నేల గుల్లవుతుంది, వాగు పొంగుతుంది. కొండకి అటుపక్కనున్న సీత్‌వెయిట్ ఇంగ్లండ్‌లో జనం ఉండే ఊళ్లలో ఎక్కువ వాన పడేది, ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు. మన నరసరావుపేటలో నాలుగేళ్ల వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుంది. కాస్త మెరక చూసుకో. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, వాకిలి అటు పెట్టకు. తాళ్లన్నీ కట్టు, ఎండగా ఉన్నా సరే. ఇంటి దగ్గర పార్కులో ఒకసారి టెంట్ వేసి చూశావా? చూడకపోతే ఈ వారమే చూడు. పొద్దున్నే లోపలి గుడ్డ తడిగా ఉంటే కారుతోందని కంగారుపడకు, అది మీ ఊపిరే. పై కిటికీలు కాస్త తీసి పడుకోవాలి.

శనివారం నాన్నగారిది. గ్రాస్‌మియర్‌కి పొద్దున్నే పోండి, పార్కింగ్ దొరుకుతుంది. ముందు సెయింట్ ఆస్వాల్డ్ చర్చి, వెనక వర్డ్స్‌వర్త్ కుటుంబం సమాధులు. రోథే నది పక్కనే పారుతుంది. అక్కడున్న యూ చెట్లలో ఎనిమిది వర్డ్స్‌వర్తే నాటించాడు. తర్వాత డవ్ కాటేజ్, 1799 చివరినుంచి 1808 దాకా ఆయన ఉన్న ఇల్లు. అంతకుముందు అది పూటకూళ్ల ఇల్లు. లోపల చీకటిగా, కప్పు కిందికి ఉంటుంది, మెట్లు ఇరుకు. పైన ఒక చిన్న గదికి చలి రాకుండా ఆయన చెల్లెలు డొరొతీ గోడలకి వార్తాపత్రికలు అంటించింది. మోకాళ్లు సహకరిస్తే ఆ గది తప్పక చూపించు. సహకరించకపోతే కింద, తోటలో కూర్చున్నా చాలు.

ఆదివారం పిల్లలని తీసుకుని స్టికిల్ టార్న్ ఎక్కు, రాతిమెట్ల దారి, సుమారు 470 మీటర్ల ఎత్తున చెరువు. ఆ పక్కనే ఉన్న పైక్ ఆఫ్ స్టికిల్ కొండ మీద దాదాపు 6,000 ఏళ్ల కిందట మనుషులు రాతిగొడ్డళ్లు చెక్కేవారు. ఆ గొడ్డళ్లు ఈ దేశం నాలుగు మూలలా దొరికాయి. ఆ టైములో చెల్లెలు పెద్దవాళ్లని ఎల్టర్‌వాటర్ నుంచి స్కెల్‌విత్ జలపాతం దాకా తీసుకెళ్లొచ్చు. చదునైన బాట, చక్రాల కుర్చీలు పోయే దారి.

కొండ మీద ఏమైనా అయితే 999, పోలీసుని అడిగి, మౌంటెన్ రెస్క్యూ అనాలి. మాట అందకపోయినా మెసేజ్ పోవచ్చు, అందుకే ఇవాళే "రిజిస్టర్" అని 999కి మెసేజ్ పెట్టి నమోదు చేసుకో. వచ్చేవాళ్లంతా జీతం లేకుండా పనిచేసేవాళ్లు, మా వీధిలోనే ఒకాయన ఉన్నాడు. విజిల్ ఒకటి జేబులో పెట్టు, నిమిషంలో ఆరుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం.

---

నరసరావుపేట_అబ్బాయి | జూన్ 16, రాత్రి 10:40

వచ్చేశాం. అందరికీ చెప్పాలి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం బయల్దేరాం, ఏడింటికల్లా టెంట్ లేచింది. పార్కులో ఒకసారి వేసి చూడ్డం ఎంత మేలు చేసిందో! ఆ రాత్రి పులిహోర తిని పడుకున్నాం. పన్నెండింటికి వాన మొదలైంది. నాన్న ఎలా ఉన్నారో అని గొడుగేసుకుని పాడ్ దగ్గరికి వెళ్తే తలుపు బార్లా తీసి, మంకీ క్యాప్ పెట్టుకుని, మంచం మీద కూర్చుని బయటికి చూస్తున్నారు. ఏం కనపడుతుంది నాన్నా ఆ చీకట్లో అంటే, "కనపడక్కర్లేదు, వాగు వినపడుతోంది" అన్నారు. అమ్మ బొంత మీద హాయిగా నిద్రపోతోంది.

శనివారం తెరిపి ఇచ్చింది. తొమ్మిదింటికి గ్రాస్‌మియర్. సమాధి ఎంత సాదాగా ఉందంటే నేను దాటిపోయాను, నాన్నే ఆగారు. పలకరాయి, దాని మీద పేరు, 1850, కింద భార్య పేరు, 1859. పొగడ్త ఒక్క ముక్క లేదు. చెప్పులు విడిచి నిలబడ్డారు. పద్యం ఏమైనా చదువుతారేమో అని పిల్లలు చూస్తున్నారు. ఆయన చదవలేదు. కాసేపటికి మా అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్లూ కొండలు చాలా ఎత్తుగా గీసి చూపించాన్రా, ఇవి ఇంత దగ్గరగా, ఇంత గుండ్రంగా ఉంటాయని తెలియలేదు" అన్నారు.

డవ్ కాటేజ్‌లో మెట్లు ఎక్కారు. ఒక్కో మెట్టుకీ ఆగుతూ, నేను వెనక. పేపర్లంటించిన గదిలో గోడకి ముఖం ఆనించినంత దగ్గరగా వెళ్లి చదివారు. బయటికొచ్చాక అమ్మ చర్చి పక్కన చిన్న కొట్లో జింజర్‌బ్రెడ్ కొనిపించుకుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇది మన శొంఠి బెల్లమే కదే" అంది చెల్లెలితో. నాలుగు పొట్లాలు ఇండియా పెట్టెలోకి వెళ్లాయి. హెర్డ్‌విక్ గొర్రెపిల్లలు నల్లగా పుట్టి, పెద్దయ్యేకొద్దీ బూడిదరంగుకి తిరుగుతాయని అక్కడే తెలిసింది. అమ్మ వాటినే చూస్తూ కూర్చుంది.

ఆదివారం పిల్లలతో స్టికిల్ టార్న్ దాకా వెళ్లొచ్చాం. అమ్మాయికి మోకాలి వెనక ఒక పిడుదు కనిపించింది, సిస్టర్ గారు చెప్పిన కొక్కెంతో తీశాం, తేదీ రాసిపెట్టుకున్నాం. పోరడు తమ్ముడూ, నీ పొయ్యి మీద రెండు విడతల్లో అన్నం చక్కగా అయింది. ఈ శనివారం తెచ్చి ఇస్తాను.

---

డెర్బీ_బాబాయ్ | జూన్ 17, ఉదయం 7:05

బాబూ, నేను హోటల్ అన్నాను. మీ నాన్నగారు రాత్రి తలుపు తీసుకుని కూర్చున్నారన్న చోట రెండుసార్లు చదివాను. ఆ పాడ్ టాయిలెట్‌కి ఎంత దూరం? మా ఆవిడ అడుగుతోంది.

---

నరసరావుపేట_అబ్బాయి | జూన్ 17, ఉదయం 8:30

ముప్పై నలభై అడుగులు బాబాయ్ గారూ, గట్టి బాట. ముందే ఫోన్ చేసి మోకాళ్ల సంగతి చెబితే దగ్గరది ఇచ్చారు. సెప్టెంబర్‌లో వారం మధ్యన చూడండి. మడత మంచాలు మా దగ్గర ఉన్నాయి, తీసుకెళ్లండి.

---

కెండల్_కాపురం | జూన్ 17, మధ్యాహ్నం 12:20

సంతోషం తమ్ముడూ. టెంట్ ఆరబెట్టావా? తడిగా మడిచి పెడితే వారానికి బూజు పడుతుంది.

---

నరసరావుపేట_అబ్బాయి | జూన్ 17, మధ్యాహ్నం 12:48

ఆరింది అక్కా, ఒక్క కింది గుడ్డ తప్ప. అది పెరట్లో బట్టల తాడు మీద ఉంది. నాన్న కుర్చీ వేసుకుని దాని పక్కనే కూర్చున్నారు, మబ్బు పడితే పిలుస్తానన్నారు.